జాడ తెలియని జ్వరానికి ఆచూకీ పట్టే కొలువు

జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతూ మూడు వారాలకు పైగా వస్తోంది. ఆసుపత్రిలో చేయాల్సిన పరీక్షలన్నీ చేశారు. కారణం మాత్రం దొరకలేదు. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికన్ వైద్యులు ఇలాంటి జ్వరానికి ప్రత్యేక నిర్వచనం ఇచ్చారు. వెన్నుపూసలో క్షయ, కృత్రిమ గుండె కవాటం మీద ఇన్‌ఫెక్షన్, మార్చిన మోకాలి కీలు చుట్టూ చీము... దాగిన మూలం ఏదైనా కావచ్చు. దాన్ని వెతకడానికి వైద్యులు ఆశ్రయించే విభాగాల్లో న్యూక్లియర్ మెడిసిన్ ఒకటి. సైన్స్ మీద ఇష్టం, చేతిపనిలో శుభ్రత, రోగితో ఓపిగ్గా మాట్లాడే గుణం ఉన్నవారికి ఇది మంచి దారి.

పని ఎలా ఉంటుంది?

సీటీ, ఎంఆర్ఐ ప్రధానంగా అవయవం ఆకారాన్ని చూపిస్తే, న్యూక్లియర్ మెడిసిన్ అక్కడ జరుగుతున్న పనిని చూపిస్తుంది. సూక్ష్మజీవులతో పోరాడే తెల్లరక్తకణాలు గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటాయి. అందుకే రేడియోధార్మిక ఫ్లోరిన్-18 కలిపిన గ్లూకోజులాంటి మందు, ఎఫ్‌డీజీ, ఎక్కించి పెట్-సీటీ తీస్తే ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటు వెలుగుతుంది.

ఫ్లోరిన్-18 అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే సమయం, సుమారు 110 నిమిషాలు. ఉదయం 8 గంటలకు సిద్ధమైన మందులో 11.40 అయ్యేసరికి పావువంతు రేడియోధార్మికతే మిగులుతుంది. కాబట్టి రోగుల వరస, ఇంజెక్షన్ వేళ, స్కాన్ వేళ అన్నీ టెక్నాలజిస్ట్ లెక్క ప్రకారమే నడవాలి.

మరో పద్ధతిలో రోగి రక్తం తీసి, తెల్లకణాలను వేరుచేసి, వాటికి టెక్నీషియం-99ఎం తగిలించి తిరిగి అదే రోగికి ఎక్కిస్తారు. కణాలు ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి చేరాక, కొన్ని గంటల తేడాతో, అవసరమైతే మర్నాడు కూడా గామా కెమెరాతో చిత్రాలు తీస్తారు. ఈ పనిలో సూది, గొట్టం, లేబుల్ అన్నీ శుభ్రంగా, సరిగ్గా ఉండాలి. ఒకరి రక్తం మరొకరికి వెళితే ప్రాణాపాయం.

మాటతో మొదలయ్యే స్కాన్

ఎఫ్‌డీజీ స్కాన్‌కు సాధారణంగా ఆరు గంటలు ఏమీ తినకూడదు. మన ఇళ్లలో ఉపవాసమంటే పాలు, పళ్లు తీసుకోవచ్చనే అర్థం ఉంది. ఇక్కడ అవి పనికిరావు, మంచినీళ్లే తాగాలి. గుండె కవాటం చూడాలంటే ముందురోజు అన్నం, ఇడ్లీ, చక్కెర కూడా మానిపించి, ఉపవాస సమయం పెంచుతారు. లేదంటే గుండె కండరమే గ్లూకోజును లాగేసుకుని మెరుస్తుంది, ఇన్‌ఫెక్షన్ ఆ వెలుగులో కలిసిపోతుంది. ఇవన్నీ రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పగలగడం ఈ ఉద్యోగంలో పెద్ద నైపుణ్యం. తయారీ సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన యంత్రమైనా తప్పుదారి పట్టిస్తుంది.

వెలిగిన ప్రతి మచ్చా ఇన్‌ఫెక్షన్ కాదు. క్షయ గ్రంథి, లింఫోమా గడ్డ రెండూ వెలుగుతాయి. కొత్తగా ఆపరేషన్ జరిగిన చోటూ వెలుగుతుంది. బయాప్సీకి సూది ఎక్కడ గుచ్చాలో స్కాన్ చూపిస్తుంది. జబ్బు పేరు తేల్చేది చాలాసార్లు బయాప్సీ, కల్చర్ పరీక్షలే.

ఎవరు, ఏం చదవాలి?

టెక్నాలజిస్ట్: ఇంటర్లో సైన్స్ చదివినవారు న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీలో బీఎస్సీ చేయవచ్చు. మణిపాల్‌లో ఈ కోర్సు ఉంది. సైన్స్ డిగ్రీ తర్వాత ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రానికి (బార్క్) చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ డీఎంఆర్ఐటీ డిప్లొమా నడుపుతుంది. ఢిల్లీ ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐలలో ఎమ్మెస్సీ స్థాయి కోర్సులున్నాయి.

వైద్యులు: ఎంబీబీఎస్ తర్వాత ఎండీ లేదా డీఎన్‌బీ న్యూక్లియర్ మెడిసిన్ చేయాలి. స్కాన్‌ను చదివి రిపోర్టు ఇచ్చేది వీరే.

రేడియోఫార్మసీ, మెడికల్ ఫిజిక్స్: కెమిస్ట్రీ, ఫార్మసీ చదివినవారికి మందు తయారీ, నాణ్యత పరీక్షలు, ఫిజిక్స్ వారికి పరికరాల పరీక్ష, రేడియేషన్ భద్రత అనుకూలమైన రంగాలు.

హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలున్నాయి. క్యాన్సర్ ఆసుపత్రులు, కార్పొరేట్ ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ కేంద్రాలు ఉద్యోగాలకు ప్రధాన చోట్లు. అయితే రోజువారీ పనిలో ఎక్కువ భాగం క్యాన్సర్, ఎముక, థైరాయిడ్, కిడ్నీ స్కాన్లదే. ఇన్‌ఫెక్షన్ స్కాన్లు అందులో ఒక భాగం మాత్రమే.

రేడియేషన్ భయం

అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) నిబంధనల ప్రకారం సిబ్బందికి అందే మోతాదు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు మించకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి ఆ లెక్క చెబుతుంది. రేడియేషన్‌కు దగ్గరగా ఉండే సమయం తగ్గించడం, దూరం పాటించడం, సీసపు అడ్డు వాడటం ఇక్కడ రోజూ చేసే సాధన. గర్భవతినని తెలిసిన ఉద్యోగిని వెంటనే చెప్పాలి, పని మార్పించుకోవాలి.

చేరే ముందు

కోర్సు పేరు చూసి ఫీజు కట్టకండి. ఆ అర్హతను ఏఈఆర్‌బీ టెక్నాలజిస్ట్ పనికి అంగీకరిస్తుందా అని మండలి వెబ్‌సైట్లో సరిచూసుకోండి. సంస్థకు సొంత గామా కెమెరా, పెట్-సీటీ, మందు తయారుచేసే హాట్ ల్యాబ్ ఉన్నాయా, ఇంటర్న్‌షిప్‌లో మీ చేతులతో పని చేయనిస్తారా అని పూర్వ విద్యార్థులను అడగండి. తెల్లకణాల స్కాన్ అక్కడ చేస్తారా అన్నది కూడా అడగండి. కష్టమైన ఆ పని నేర్పే చోట మిగతావి నేర్చుకోవడం సులువవుతుంది.