పేరు మీది, సర్వర్ ఇంకొకరిది

మైలవరంలో ఇంజినీరింగ్ చదివిన కుర్రాళ్లలో చాలామంది హైదరాబాద్ బస్సెక్కుతారు. లకిరెడ్డి బాలిరెడ్డి కాలేజీ 1998లో పెట్టిన దగ్గర్నుంచీ ఇదే వరస. నేను రాసేది బస్సెక్కని కొద్దిమంది కోసం. నాన్న మామిడితోట చూసుకోవాల్సి వచ్చో, పరాయి ఊరి ఉద్యోగం మీద మోజు లేకో ఇక్కడే ఉండిపోయి, ఫంక్షన్ హాలుకో ప్రైవేటు స్కూలుకో ఎరువుల కొట్టుకో వెబ్‌సైట్ చేసిపెట్టి నాలుగు రాళ్లు సంపాదిద్దామనుకునే వాళ్ల కోసం.

సైట్ చూపించగానే కొట్టాయన "బాగుంది" అంటాడు. వెంటనే "ఏడాదికి ఎంతవుద్ది బాబూ?" అంటాడు. అదిగో, అక్కడ మీరు వ్యాపారంలో అడుగుపెట్టారు. సైట్ ఎక్కడో ఒక సర్వర్ మీద ఉండాలి కదా. పెద్ద కంపెనీ దగ్గర రీసెల్లర్ ప్యాకేజీ తీసుకుని, ఆ చోటును ముక్కలు చేసి నలుగురికీ అమ్మితే ఏటా ఎంతో కొంత చేతికొస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. నున్న మార్కెట్లో కాయలు కొని బెజవాడ వీధుల్లో బండి మీద అమ్మేవాణ్ని "తోట నీదేనా?" అని ఎవరూ నిలదీయరు. కాయ పుల్లగా ఉంటే మాత్రం వాడినే పట్టుకుంటారు.

ముంబైలో భవిన్, దివ్యాంక్ తురాఖియా అన్నదమ్ములు ఇంకా మీసాలు రాని వయసులో, 1998లో, తండ్రి దగ్గర 25,000 రూపాయలు తీసుకుని డైరెక్టీ మొదలుపెట్టింది వెబ్ హోస్టింగ్‌తోనే. తర్వాత మీలాంటి చిల్లర అమ్మకందార్లకే సరుకిచ్చే రీసెల్లర్‌క్లబ్ పెట్టారు. ఈ దారి నడిచినవాళ్లు ఉన్నారని చెప్పడానికే ఈ ముచ్చట. మీరూ అంతవాళ్లవుతారని ఆశ పెట్టడానికి కాదు, అలాంటి మాటలు చెప్పేవాళ్లు వేరే ఉన్నారు.

ఇక అసలు సంగతికొద్దాం. కస్టమర్ డొమైన్‌ను సర్వర్‌కు కలపాలంటే రెండు నేమ్‌సర్వర్ల పేర్లు ఇవ్వాలి. మామూలుగా అవి పెద్ద కంపెనీ పేరు మీదే ఉంటాయి. వాటి బదులు ఎన్ఎస్1 డాట్ మీపేరు డాట్ ఇన్, ఎన్ఎస్2 డాట్ మీపేరు డాట్ ఇన్ అని సొంత పేర్లు పెట్టుకోవడాన్నే ప్రైవేట్ నేమ్‌సర్వర్లు అంటారు. చాలామంది దీన్ని డాబు కోసం పెట్టుకుంటారు, కస్టమర్‌కు పైకంపెనీ ఎవరో తెలియకూడదని. అది వట్టి భ్రమ. ఐపీ అడ్రస్ ఎవరిదో నిమిషంలో ఎవరైనా వెతికి పట్టుకోవచ్చు. దాచడం మీద నిలబెట్టిన వ్యాపారం మిమ్మల్ని ఎప్పుడూ బెదురుగానే ఉంచుతుంది. ఎవరైనా అడిగితే ఫలానా కంపెనీ దగ్గర తీసుకున్నానని చెప్పేయండి, గొడవుండదు.

దీని అసలు ఉపయోగం పైకంపెనీతో తేడా వచ్చిన రోజున తెలుస్తుంది. 2019లో, హోస్టింగ్ ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్ అమ్మే సీప్యానెల్ సంస్థ లైసెన్సు ధరను ఖాతాల లెక్కకు మార్చింది. చాలా హోస్టింగ్ కంపెనీలు ఆ భారాన్ని కిందికి తోశాయి. నలభై మంది కస్టమర్లున్న చిన్న రీసెల్లర్‌ను ఊహించుకోండి. చవగ్గా ఇచ్చే ఇంకో కంపెనీకి మారదామనుకున్నాడు. నలభై డొమైన్లూ పాత కంపెనీ నేమ్‌సర్వర్ల మీదున్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. ఒకాయన పాస్‌వర్డ్ మర్చిపోయాడు. ఇంకొకాయన లాగిన్ మేనల్లుడి దగ్గరుంది, ఆ మేనల్లుడు డల్లాస్‌లో ఉన్నాడు. మూడో ఆయన "మళ్లీ ఏదో మెలిక పెడుతున్నాడు" అని అనుమానపడ్డాడు. మనవాడు నోరు మూసుకుని పెరిగిన ధరే కట్టాడు. సొంత నేమ్‌సర్వర్లున్నవాడు ఖాతాలన్నీ కొత్త సర్వర్‌కు ఎక్కించి, తన రెండు పేర్ల వెనక ఐపీలు మారుస్తాడు. కస్టమర్ ఏ బటనూ నొక్కక్కర్లేదు.

బేరమాడే ధైర్యం చాలామందికి స్వభావం వల్ల వస్తుందనుకుంటాం. నాకైతే అది ఏర్పాట్ల వల్ల వస్తుందనిపిస్తుంది. వెళ్లిపోయే దారి ఉన్నవాడి గొంతు వేరుగా పలుకుతుంది.

ఏర్పాటు కష్టమా అంటే, కాదు. కానీ ఒక మెలిక ఉంది. డొమైన్ పేరుకు ఐపీ అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ పద్ధతిని పాల్ మోకాపెట్రిస్ 1983లో రూపొందించాడు. ఏదైనా సైట్ చిరునామా కావాలంటే కంప్యూటర్ ముందు రూట్ సర్వర్లను, తర్వాత డాట్ ఇన్ లాంటి రిజిస్ట్రీని, చివరికి ఆ డొమైన్ నేమ్‌సర్వర్‌ను అడుగుతుంది. మరి ఆ నేమ్‌సర్వర్ పేరు అదే డొమైన్‌లో ఉంటే? మీపేరు డాట్ ఇన్ గురించి చెప్పాల్సింది ఎన్ఎస్1. ఎన్ఎస్1 ఎక్కడుందో చెప్పాల్సింది మళ్లీ ఎన్ఎస్1. ఈ వలయం తెగాలంటే దాని ఐపీని పైనున్న రిజిస్ట్రీయే తన దగ్గర రాసి ఉంచాలి. ఆ రాతనే గ్లూ రికార్డు అంటారు. మీ డొమైన్ రిజిస్ట్రార్ ప్యానెల్లో చైల్డ్ నేమ్‌సర్వర్స్ అనో, హోస్ట్ నేమ్స్ అనో ఒక చోటుంటుంది. అక్కడ రెండు పేర్లూ, వాటి ఐపీలూ ఎక్కించాలి. ఆ ఐపీలేవో పైకంపెనీని అడిగితే ఇస్తారు. తర్వాత మీ డొమైన్ జోన్‌లో అవే పేర్లకు ఐపీ చెప్పే ఏ-రికార్డులు, డబ్ల్యూహెచ్ఎం అనే రీసెల్లర్ ప్యానెల్లో కొత్త ఖాతాలకు ఈ నేమ్‌సర్వర్లే వచ్చేలా సెట్టింగు. అంతే పని.

ఎక్కువమంది బోర్లాపడేది మొదటి మెట్టు దగ్గరే. జోన్‌లో ఏ-రికార్డు పెట్టేసి పనైపోయిందనుకుంటారు, రిజిస్ట్రార్ దగ్గర మాత్రం ఎక్కించరు. సర్వర్ మారినప్పుడు ఇంకో రకం: ఏ-రికార్డు మారుస్తారు, గ్లూ పాతదే ఉండిపోతుంది. కొందరికి సైట్ వస్తుంది, కొందరికి రాదు. ఇలాంటి సగం జబ్బుకు మందు కనిపెట్టడం పూర్తిగా ఆగిపోయినదానికన్నా కష్టం. ఓపికుంటే డిగ్ అనే కమాండ్ నేర్చుకోండి. రిజిస్ట్రీ ఏం చెబుతోందో, మీ సర్వర్ ఏం చెబుతోందో విడివిడిగా అడిగి రెండూ ఒకటేనా అని చూసుకోవచ్చు. అరగంట చదువు, చాలా ఫోన్ కాల్స్ తగ్గుతాయి.

మారేటప్పుడు తొందరపడకండి. డాట్ కామ్ రిజిస్ట్రీ ఈ వివరాలను 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు దాచుకోవచ్చని లోకానికి చెబుతుంది. ఆ రెండు రోజులూ కొందరు పాత సర్వర్‌కే వెళతారు. కొత్తది మొదలైన రోజే పాతదాన్ని రద్దు చేసి డబ్బు మిగుల్చుకున్నాననుకునేవాడు స్కూలాయన అడ్మిషన్ల మెయిళ్లు పోగొడతాడు. వారం రోజులు రెండూ నడపండి. ఆ వారం అద్దె ఖర్చు అనుకోకండి, మీ మాట నిలబడటానికి కట్టిన ధర అనుకోండి.

రెండు నేమ్‌సర్వర్లు ఎందుకన్న ప్రశ్న చాలామంది వేసుకోరు. ప్యానెల్ రెండడిగింది కాబట్టి రెండిస్తారు, రెండూ ఒకే యంత్రం మీద. ఇది చిన్నవాళ్ల నిర్లక్ష్యమే అనుకోకండి. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ సైట్లు దాదాపు ఒక రోజు జనానికి అందలేదు. రూటర్ సెట్టింగులో జరిగిన ఒక మార్పు కారణం. మైక్రోసాఫ్ట్ నేమ్‌సర్వర్లన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉండటం అసలు జబ్బు. ఒకదానికొకటి దూరంగా, వేర్వేరు నెట్‌వర్కుల మీద పెట్టుకోండని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లోనే చెప్పారు. ఇరవై ఏళ్లు గడిచాక, 2021 అక్టోబరు 4న, మనకు రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఆగిపోయాయి. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ ఫేస్‌బుక్ కంపెనీ సొంత నెట్‌వర్కును తెంపేసింది. దాంతో వాళ్ల నేమ్‌సర్వర్లకు వెళ్లే దారులే ఇంటర్నెట్‌లో కనిపించకుండా పోయాయి. ఆరు గంటలు పట్టింది. మైలవరం సెంటర్లో ఆ రాత్రి ఎందరు ఫోన్లు ఆపి మళ్లీ ఆన్ చేసి చూసుకున్నారో!

మీ స్తోమతకు రెండో ఊళ్లో పెద్ద సర్వర్ కుదరకపోవచ్చు. రెండో నేమ్‌సర్వర్‌కు పెద్ద యంత్రం అక్కర్లేదు, చిన్న వీపీఎస్, అంటే అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్, చాలు. అదీ కుదరకపోతే కనీసం పైకంపెనీ ఇచ్చే రెండు ఐపీలు వేర్వేరు యంత్రాలవో కావో అడిగి తెలుసుకోండి. అడగడానికి మొహమాటపడతాం మనం. డబ్బు కట్టినచోట మొహమాటమేంటి?

సొంత పేరు పెట్టుకోవడంలో ప్రమాదం కూడా ఉంది, దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. ఇప్పుడు నలభై సైట్లూ ఒక్క డొమైన్‌కు వేలాడుతున్నాయి. దాని రెన్యువల్ మర్చిపోయారా, నలభై మందీ ఒకేసారి చీకట్లో. ఫంక్షన్ హాలాయన తన డొమైన్‌కు పదేళ్ల డబ్బు కట్టి ఉన్నా సరే. అందుకని నేమ్‌సర్వర్లకు వాడే డొమైన్‌ను మీ షాపు సైట్‌కు వాడకండి, విడిగా ఒకటి తీసుకోండి. డాట్ ఇన్ అయినా డాట్ కామ్ అయినా గరిష్ఠంగా పదేళ్లకు కట్టుకోవచ్చు. చేతనైనన్ని ఏళ్లకు కట్టి, ఆటో రెన్యువల్ పెట్టి, ట్రాన్స్‌ఫర్ లాక్ వేయండి. రిజిస్ట్రార్ దగ్గరిచ్చిన మెయిల్ ఐడీ అదే డొమైన్ మీదున్నది కాకుండా చూసుకోండి, డొమైన్ పోయిన రోజు హెచ్చరిక కూడా దాంతోపాటే పోతుంది.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు సర్వర్ ఆగుతుంది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్. "బాబూ, మా సైటు రావట్లేదు." ఇక్కడే మీ వ్యక్తిత్వం బయటపడుతుంది. "పైవాళ్ల సర్వర్ డౌనండి, నా చేతుల్లో ఏముంది" అన్నారనుకోండి, అది నిజమే కావచ్చు, కానీ ఎన్ఎస్1 పక్కన మీరు రాసుకున్న పేరును మీరే కొట్టేసినట్టు. "చూస్తున్నానండి, తొమ్మిదిన్నరకు మళ్లీ చేస్తాను" అనండి. తొమ్మిదిన్నరకు చేయండి. బాగుపడకపోయినా చేయండి. "ఇంకా అవలేదండి, కంపెనీవాళ్లు ఇదీ కారణమని చెప్పారు, పదిన్నరకు మళ్లీ చెబుతా." కొట్టాయనకు గ్లూ రికార్డు అర్థం కానక్కర్లేదు. చెప్పిన టైముకు ఫోన్ మోగడం అర్థమవుతుంది. నలభై మందికి విడివిడిగా చేయలేకపోతే ముందే ఒక వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసి పెట్టుకోండి. అయితే 2021 అక్టోబరు లాంటి రాత్రులు కూడా ఉంటాయి కాబట్టి నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి.

ఇంకొకటి. కస్టమర్ డొమైన్ మీ పేరున రిజిస్టర్ చేసుకునే అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. "వాళ్లకేం తెలుసు, నేనే చూసుకుంటా" అని మొదలై, రేటు దగ్గర తేడా వచ్చినప్పుడు "డొమైన్ నా దగ్గరుందిగా" అన్నదాకా వెళుతుంది. పైకంపెనీ చేతిలో చిక్కుకోకూడదని ఇంత పాటుపడిన మనిషి, కిందివాణ్ని అలాగే బిగించి కూర్చోవడం ఏం న్యాయం? డొమైన్ ఆయన పేరున, ఆయన మెయిల్‌తో, ఆయన ఫోన్ నంబరుతో తీసుకోండి. పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి బిల్లుతో పాటు ఇవ్వండి. ఆయన పారేసుకుంటాడు, సరే, మళ్లీ ఇవ్వండి.

ఎవరైనా వెళ్లిపోతానంటే ట్రాన్స్‌ఫర్ కోడ్ ఆ రోజే ఇచ్చేయండి. డాట్ కామ్ లాంటి డొమైన్లకు రిజిస్ట్రార్ ఐదు రోజుల్లోపు ఇవ్వాలని నిబంధన ఎలాగూ ఉంది. ఫైళ్లు, డేటాబేస్, మెయిళ్లు బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి, కొట్టు దగ్గరికెళ్లి చేతికివ్వండి. బాకీ ఉంటే అప్పుడే, మర్యాదగా, ఆయన ముందే అడగండి.