లైన్‌లాక్: ముందు చక్రాల దగ్గర బందీ అయిన ఒత్తిడి

పుదుచ్చేరి నుంచి తిండివనం వెళ్లే దారిలో, ఊరి పొలిమేర దగ్గర గోరిమేడు వస్తుంది. తమిళంలో మేడు అంటే మిట్ట. జిప్మర్ ఆసుపత్రి ఉన్నది ఇక్కడే. అందుకే ఈ దారిలో అంబులెన్సుల మోత ఆగదు. దీని పక్కనే ఉన్న ఒక చిన్న కారు షెడ్డులో, యానాం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఓ కుర్రాడు తన పాత కాంటెస్సాను చూపించాడు. ఇంజిన్ పని పూర్తయింది. శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో దాన్ని ఎప్పటికైనా పరిగెత్తించాలని అతని కోరిక. చేతిలో విదేశం నుంచి తెప్పించిన లైన్‌లాక్ కిట్ ఉంది.

"అక్కా, దీంతో ఇంకో లాభం కూడా ఉంది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పుపట్టి పట్టేసింది. ఇది బిగిస్తే ఇక దాంతో పనేముంది?" అన్నాడు.

మేస్త్రి ఏమీ అనలేదు, నా వైపు చూశాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే బ్రేకు గొట్టంలో ఏం జరుగుతుందో మొదటి నుంచీ చూడాలి.

లైన్‌లాక్ అంటే విద్యుత్తుతో మూసుకునే ఒక చిన్న కవాటం, అంటే సోలినాయిడ్ వాల్వ్. మాస్టర్ సిలిండర్ నుంచి ముందు చక్రాలకు వెళ్లే బ్రేకు గొట్టం మధ్యలో దీన్ని కూర్చోబెడతారు. డ్రైవర్ బ్రేకు తొక్కి, బటన్ నొక్కి, తర్వాత కాలు తీసేస్తాడు. వెనక బ్రేకులు వదులవుతాయి. ముందు గొట్టంలోని ఒత్తిడి మాత్రం కవాటం వెనక చిక్కుకుపోతుంది. ముందు చక్రాలు బిగుసుకుని ఉండగా, ఇంజిన్ బలంతో వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. డ్రాగ్ రేసులో టైర్లను వేడెక్కించేది ఇలాగే. బయలుదేరే గీత దగ్గర కారు ముందుకూ వెనక్కూ దొర్లకుండా నిలపడానికీ ఇదే పనికొస్తుంది. అమెరికాలో దశాబ్దాలుగా విడిభాగంగా అమ్ముడవుతున్న ఈ పరికరాన్ని, 2015 మోడల్ మస్టాంగ్ జీటీలో ఫోర్డ్ కంపెనీ ఎలక్ట్రానిక్ రూపంలో ఫ్యాక్టరీ నుంచే అమర్చి ఇచ్చింది.

ఆ గొట్టంలో ఒత్తిడి ఎంతుంటుందో లెక్క వేద్దాం. పెడల్ మీద 20 కిలోల బరువుతో తొక్కామనుకోండి. పెడల్ తులాదండంలా పనిచేసి దాన్ని 5 రెట్లు చేస్తే, మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 100 కిలోల బలం పడుతుంది. ఆ పిస్టన్ వ్యాసం 20 మిల్లీమీటర్లయితే వైశాల్యం 3.14 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 32 కిలోలు. కారు టైర్లో గాలి ఒత్తిడి 2 కిలోలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పాస్కల్ నియమం ప్రకారం ఈ ఒత్తిడి ద్రవమంతటా ఒకేలా పాకుతుంది. చక్రం దగ్గరి కాలిపర్ పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లయితే, దాని మీద పడే బలం 625 కిలోలు. బూస్టర్ సాయం ఇందులో కలపలేదు.

ఇక అసలు చిక్కు. ద్రవం దాదాపుగా నలగదు. ముందు బ్రేకుల గొట్టాల్లోనూ కాలిపర్లలోనూ 50 మిల్లీలీటర్ల ద్రవం ఉందనుకుందాం. పైన చెప్పిన ఒత్తిడికి అది కుదించుకునేది దాదాపు 0.1 మిల్లీలీటరు, అంటే రెండు బొట్లు. రబ్బరు గొట్టం కాస్త ఉబ్బుతుంది, ప్యాడ్లు కాస్త అణుగుతాయి, వాటి వల్ల ఇంకొంత ద్రవం లోపలికి వెళ్తుంది. మొత్తం కలిపినా స్వల్పమే. కవాటం సీటు మీద నలుసు పడి కొన్ని బొట్లు వెనక్కి జారితే చాలు, 625 కిలోల పట్టు సడలిపోతుంది. నీళ్ల ట్యాంకులో నాలుగు బొట్లు కారితే ఎవరికీ తెలియదు. ఇక్కడ ఆ నాలుగు బొట్లే బ్రేకు.

దీనికి మరో రెండు కారణాలు తోడవుతాయి. వేడిగా ఉన్న బ్రేకులు చల్లబడే కొద్దీ లోపలి ద్రవం కుంచించుకుని ఒత్తిడి తగ్గుతుంది. కవాటం మూసి ఉండాలంటే కాయిల్లో కరెంటు పారుతూనే ఉండాలి. 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకునే కాయిల్ అయితే 24 వాట్లు వేడిగా మారుతుంది. కొన్ని సెకన్లకు ఇబ్బంది లేదు, రాత్రంతా అంటే కాయిల్ కాలిపోతుంది. లేదా బ్యాటరీ దిగిపోయి కవాటం తెరుచుకుంటుంది. తెరుచుకోవడం నిజానికి మంచి గుణమే. కరెంటు పోతే బ్రేకులు మామూలు స్థితికి రావాలనే దీన్ని అలా తయారు చేస్తారు. రోడ్డు మీద నడుస్తున్న కారుకు అది రక్షణ, వాలు మీద ఆపి వదిలేసిన కారుకు మాత్రం ప్రమాదం. హ్యాండ్‌బ్రేకుకు ద్రవంతోనూ కరెంటుతోనూ పనిలేదు. తీగ లాగితే అది మెట్ల పళ్ల మీద చిక్కుకుని అక్కడే నిలుస్తుంది.

"మరి కొత్త కార్లలో మిట్ట మీద రెండు సెకన్లు వాటంతటవే ఆగుతాయి కదా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. హిల్ హోల్డ్ అనే ఆ సదుపాయం కూడా ఒత్తిడిని బంధించేదే. అయితే కాలు బ్రేకు మీంచి యాక్సిలరేటర్ మీదికి మారే ఆ కాస్త వ్యవధి కోసమే దాన్ని పెట్టారు. వాలునూ చక్రాల వేగాన్నీ కొలిచే సెన్సర్లు అక్కడ ఉంటాయి. ఆ కార్లలోనూ పార్కింగ్ బ్రేకు విడిగానే ఉంటుంది.

ఎంపిక: ముందు కారును చూడాలి

కిట్ కొనేముందు చూడాల్సింది కారు ఏ చక్రాలతో నడుస్తుందో. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా వంటి పాత కార్లను వెనక చక్రాలే నెడతాయి. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువ భాగాన్ని ముందు చక్రాలు లాగుతాయి. వాటి ముందు చక్రాల్ని బంధిస్తే కారు కదలనే కదలదు. పైగా అలాంటి కార్లలో బ్రేకు గొట్టాల్ని సాధారణంగా ఏటవాలుగా విడదీస్తారు: ఒక వలయం కుడి ముందు చక్రాన్నీ ఎడమ వెనక చక్రాన్నీ చూసుకుంటే, రెండోది మిగతా జతను చూసుకుంటుంది. మాస్టర్ సిలిండర్ దగ్గరి ఒక్క గొట్టంలో కవాటం పెడితే మూలగా ఉన్న రెండు చక్రాలు బిగుసుకుంటాయి. ఏబీఎస్ ఉన్న కారైతే నా సలహా సూటిగా ఒక్కటే: చేయి పెట్టొద్దు. బయటి కవాటం దారి మూసేస్తే, చక్రం జారుతున్నప్పుడు ఒత్తిడి వదలాల్సిన ఏబీఎస్ ఆ పని చేయలేకపోవచ్చు.

తర్వాత మరలు చూడాలి. విదేశీ కిట్లు చాలావరకు అంగుళాల కొలతలో వస్తాయి. మన కార్లలో ఎక్కువగా కనిపించేవి 10 మిల్లీమీటర్ల మెట్రిక్ మరలు. మొదటి రెండు చుట్లు బిగిసినట్టే ఉంటుంది, ఆ తర్వాత పళ్లు చెడతాయి. సరైన అడాప్టర్ దొరికే వరకు ఆగాలి. గొట్టం కోయాల్సి వస్తే కొస రెండు మడతలుగా ఫ్లేర్ కావాలి. ఏసీ పని కోసం దొరికే మామూలు రాగి గొట్టం పనికిరాదు, అది అదురుకు అలసిపోయి పగులుతుంది. ఫ్లేర్ కీలు మీద టెఫ్లాన్ టేపు చుట్టకూడదు. అక్కడ లోహమే లోహాన్ని మూయాలి. టేపు తునక లోపలికి జారితే కవాటం సీటు మీదే కూర్చుంటుంది.

బిగించేటప్పుడు కవాటాన్ని సైలెన్సర్ గొట్టాల వేడికి దూరంగా, బాడీకి గట్టిగా పట్టించాలి. దాని మీది గుర్తు చూసి, మాస్టర్ సిలిండర్ గొట్టాన్ని లోపలి ద్వారానికే కలపాలి. స్విచ్ తప్పనిసరిగా నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసే రకం కావాలి. ఆన్ చేసి వదిలేసే స్విచ్ పెడితే ఎప్పుడో మరిచిపోయి, ముందు చక్రాలు పట్టేసిన కారుతో రోడ్డెక్కుతారు. తయారీదారు చెప్పిన ఫ్యూజు, ఎదురుగా కనిపించేలా ఎర్ర లైటు ఉండాలి.

ద్రవం సంగతి పుదుచ్చేరి లాంటి సముద్రతీరంలో ఇంకాస్త ముఖ్యం. గ్లైకాల్ బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ద్రవానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ మరిగే స్థానం ఉండాలి. తేమ పట్టాక ఆ కనీస ప్రమాణం 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నలుగుతుంది, పెడల్ నేలకు దిగిపోతుంది. కాబట్టి గొట్టం విప్పిన రోజునే కొత్త డబ్బా తెరవాలి. కవాటానికి కరెంటు ఇవ్వకుండా, తెరిచి ఉన్న స్థితిలోనే గాలి మొత్తం తీసేయాలి. తర్వాత కారును స్టాండ్ల మీద ఎత్తి, పెడల్ తొక్కి బటన్ నొక్కి చూడాలి: ముందు చక్రాలు చేత్తో తిప్పితే కదలకూడదు, వెనకవి తిరగాలి, బటన్ వదిలిన మరుక్షణం ముందువీ తిరగాలి. ఈ చివరిది తేలకుండా కారును కిందికి దించొద్దు.

ట్రాక్ మీద టైర్ల కింద నీళ్లు చల్లడం చూసే ఉంటారు. అక్కడా చిన్న భౌతికశాస్త్రం ఉంది. వెనక టైర్లు తడిలో ఉండాలి, ముందు టైర్లు పొడి నేల మీద ఉండాలి. 1,200 కిలోల కారులో 660 కిలోలు ముందు పడితే, పొడి నేల మీద 0.8 ఘర్షణ గుణకంతో ముందు టైర్లు 528 కిలోల బలం దాకా ఓర్చుకుంటాయి. తడిలో గుణకం 0.5 అనుకుంటే వెనక టైర్లు నెట్టేది 270 కిలోలే, కారు నిలుస్తుంది. ముందు టైర్లూ నీళ్లలో ఉంటే వాటి పట్టు 330కి పడిపోతుంది. వెనక టైర్లు నీళ్లు ఎగరగొట్టుకుని పొడి నేలను పట్టగానే కారు మొత్తం ముందుకు జారుతుంది. మామూలు రోడ్డు టైర్లకైతే ఇంత తతంగం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వేడితో జిగురెక్కేలా చేసిన డ్రాగ్ టైర్లకే దీని ఫలితం దక్కుతుంది.

చట్టం మాట కూడా. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరోసారి స్పష్టం చేసింది. రోడ్డు మీద పందేలు 189వ సెక్షన్ కిందికొస్తాయి. కాబట్టి ఈ పరికరం ట్రైలర్ మీద ట్రాక్‌కు వెళ్లే కారుకే.

కుర్రాడు కాసేపు కాలిక్యులేటర్ మీద ఆ 20 కిలోల లెక్క మళ్లీ వేసుకున్నాడు. "సరే అన్నా, ముందు కేబుల్ మార్చేద్దాం" అన్నాడు మేస్త్రితో. వెనక డ్రమ్ములు విప్పి చూస్తే షూలు కూడా అరిగిపోయి ఉన్నాయి. కిట్ మెట్రిక్ అడాప్టర్ల కోసం ఎదురుచూస్తూ ఇంకా డబ్బాలోనే ఉంది.