పెళ్లి డిస్కు అమెరికా వెళ్తే: 25 ఫ్రేములు 30 అయ్యే లెక్క

ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక భిలాయికి దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. వారిలో తెలుగువారూ చాలామంది ఉన్నారు. సెక్టార్ల క్వార్టర్లలో పెరిగిన పిల్లల్లో కొందరు తర్వాత గల్ఫ్‌కు, ఆస్ట్రేలియాకు, అమెరికాకు చేరారు. డీవీడీల కాలంలో ఇలాంటి ఊళ్లో పెళ్లి వీడియో తీసే స్టూడియో ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుండేది: డిస్కు ఏ దేశానికి? గల్ఫ్‌కో ఆస్ట్రేలియాకో అయితే చిక్కు లేదు. అమెరికాకో కెనడాకో అయితే మాత్రం మార్చి ఇవ్వాలి. లేకపోతే ఇక్కడ చక్కగా ఆడిన డిస్కు అక్కడి ప్లేయర్‌లో అసలు ఆడకపోవచ్చు, ఆడినా టీవీలో బొమ్మ పైకీ కిందికీ దొర్లవచ్చు.

ఎందుకిలా? కారణం గోడకున్న ప్లగ్గులో ఉంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేస్తుంది, అమెరికాలో 60 ఆవృత్తులు. తొలినాటి టీవీల్లో ఆ కరెంటు ప్రభావం తెరమీద చారలుగా కనిపించేది. బొమ్మ వేగం కూడా కరెంటు వేగంతో సమానంగా ఉంటే ఆ చారలు కదలకుండా ఉంటాయి, కంటికి అంతగా తెలియవు. అందుకే అమెరికా 1941లో 525 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు అని నిర్ణయించుకుంది. ఒక ఫీల్డు అంటే సగం బొమ్మ: ఒకసారి బేసి గీతలు, మరోసారి సరి గీతలు. రెండు ఫీల్డులు కలిస్తే ఒక ఫ్రేము. 1953లో రంగులు వచ్చినప్పుడు, రంగు సంకేతం ధ్వని సంకేతంతో తగువు పడకుండా 60ని 59.94కు తగ్గించారు. ఇదే ఎన్‌టీఎస్‌సీ. 50 హెర్ట్జ్ కరెంటున్న యూరప్ 625 గీతలు, 50 ఫీల్డుల దారి పట్టింది. దానికి జర్మనీలోని టెలిఫంకెన్ సంస్థలో వాల్టర్ బ్రూచ్ రూపొందించిన రంగుల పద్ధతి పాల్. ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది 1982లో మన రంగుల టీవీ కూడా పాల్‌లోనే మొదలైంది.

ఇక్కడొక తమాషా ఉంది. సోవియట్ యూనియన్‌లో వాడింది సెకామ్ అనే మూడో పద్ధతి. కానీ అక్కడా 625 గీతలే, 50 ఫీల్డులే. కాబట్టి ఇక్కడి పాల్ వీడియో క్యాసెట్ అక్కడి సెకామ్ టీవీలో వేస్తే బొమ్మ నిలకడగానే వస్తుంది, రంగు మాత్రం ఉండదు. ఇక డీవీడీ కాలానికి ఆ ఇబ్బంది కూడా పోయింది. ఎందుకంటే డిస్కులో నిజానికి పాల్ రంగూ ఉండదు, ఎన్‌టీఎస్‌సీ రంగూ ఉండదు. అంకెలుగా రాసిన బొమ్మలుంటాయి. రంగు సంకేతాన్ని తయారుచేసేది ప్లేయరే. ‘పాల్ డిస్కు’ అంటే 720×576 చుక్కల ఫ్రేములు సెకనుకు 25 ఉన్న డిస్కు, ‘ఎన్‌టీఎస్‌సీ డిస్కు’ అంటే 720×480 చుక్కల ఫ్రేములు సెకనుకు 29.97 ఉన్నది. అంతే.

ఈ అంకెల్ని గుణిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 720×576×25 అంటే సెకనుకు 1,03,68,000 చుక్కలు. 29.97ను 30 అనుకుంటే 720×480×30 కూడా సరిగ్గా అంతే. ఖర్చు ఒకటే, పెట్టిన చోటు వేరు. పాల్ ఆ చుక్కల్ని బొమ్మ స్పష్టతకు ఎక్కువగా వాడింది, ఎన్‌టీఎస్‌సీ కదలికకు ఎక్కువగా వాడింది.

గీతలు తగ్గించడం పెద్ద పని కాదు. 576ను 480 చేస్తే ఆరో వంతు వివరం పోతుంది, చీర అంచు కాస్త మెత్తబడుతుంది. అసలు కష్టం కాలంతోనే. ప్రతి 5 ఫ్రేములకు 6 కావాలి. ఆ ఆరోది కెమెరా ఎప్పుడూ చూడని క్షణం. దాన్నెక్కడి నుంచి తేవాలి?

తేలిక దారి, ఒక ఫ్రేమును రెండుసార్లు చూపడం. పీటల మీద కదలకుండా కూర్చున్న వధూవరుల దృశ్యానికి ఇది చాలు. కెమెరా మండపం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగితే మాత్రం సెకనుకు ఐదు కుదుపులు కనిపిస్తాయి. రెండో దారి, పక్కపక్క ఫ్రేముల్ని కలిపేయడం. కుదుపు పోతుంది, కానీ కదిలే చేతికి నీడలాంటి రెండో చెయ్యి వస్తుంది. మూడోది, ఏ భాగం ఎటు కదిలిందో లెక్కగట్టి మధ్య క్షణాన్ని ఊహించి గీయడం. ఫలితం బాగుంటుంది, కంప్యూటర్‌కు సమయం చాలా పడుతుంది. అయితే తలంబ్రాల దగ్గర అదీ బోల్తా పడవచ్చు. వందల గింజలు ఒకేలా ఉండి తలోదిక్కుకూ ఎగురుతుంటే, ఈ ఫ్రేములోని గింజ తర్వాతి ఫ్రేములో ఏదో ఎలా గుర్తుపడుతుంది? అక్కడ బొమ్మ మరకలు మరకలుగా మారుతుంది.

పని వరుస కూడా ముఖ్యం. బేసి, సరి గీతలు వేర్వేరు క్షణాలవి. వాటిని విడదీయకుండా ఫ్రేమును కుదిస్తే కదిలే వస్తువుల అంచులు దువ్వెన పళ్లలా తయారవుతాయి. ముందు 50 ఫీల్డుల్ని 50 పూర్తి బొమ్మలుగా చేసి, ఎత్తును 480కి తగ్గించి, 59.94కు పెంచి, ఆఖరున మళ్లీ ఫీల్డులుగా విడదీయాలి. నిడివి మారదు కాబట్టి మంగళవాద్యం శ్రుతి కూడా మారదు.

చాలామంది దీన్ని రీజియన్ కోడ్‌తో కలిపేస్తారు. అది వేరు. సినిమా కంపెనీలు ఏ డిస్కు ఎక్కడ అమ్మాలో నియంత్రించడానికి పెట్టుకున్న తాళం అది. భారత్‌ది 5, అమెరికాది 1. జపాన్, యూరప్ రెండూ 2లోనే ఉన్నా జపాన్‌ది ఎన్‌టీఎస్‌సీ, యూరప్‌ది పాల్. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన పెళ్లి డిస్కుకు ఆ తాళమే ఉండదు.

మార్చిన డిస్కును పరీక్షించడంలోనూ ఒక మోసం ఉంది. మన దేశంలో అమ్మిన ప్లేయర్లు, టీవీలు చాలావరకు రెండు రకాలనూ ఆడిస్తాయి. అందుకే భిలాయిలో ఆడినంత మాత్రాన మార్పు జరిగిందని అర్థం కాదు. ఫైలు వివరాల్లో 480, 29.97 కనిపించాలి.

కంప్యూటర్ తెరకు ఈ గొడవ లేదు. అమెరికాలో ఉన్నా పాల్ డిస్కును కంప్యూటర్ మార్పు లేకుండానే చూపుతుంది. అందుకే పాత పెళ్లి డిస్కును హార్డ్ డిస్కులోకి ఎక్కించేవారు ముందు మార్చని అసలు డిస్కును వెతకాలి. అమెరికా కోసం చేసిన ప్రతిలో తీసేసిన గీతలు మళ్లీ 576కు సాగదీసినా తిరిగి రావు, ఊహించి చేర్చిన క్షణాలూ అసలు క్షణాల నుంచి విడిపోవు.