ముప్పై దినాలు మద్యం మానితే

బంటింగ్ ప్రాంతపు రబ్బరు తోటల్లో మన పెద్దలు చెమటోడ్చిన కాలంలో తోటల్లోనే కల్లు దుకాణాలుండేవి. కూలి డబ్బు అక్కడే కరిగిపోయేది. నేడు కల్లు స్థానంలో బీరు వచ్చింది.

దానియేలు రాజు ద్రాక్షారసాన్ని మాని, పది దినాలు పరీక్షించమన్నాడు (దానియేలు 1:8-15). మీరు ముప్పై దినాలు ప్రయత్నించండి.

గ్రాము ఆల్కహాల్‌లో 7 కేలరీలుంటాయి. ఒక బీరు డబ్బాలో సుమారు 140. రోజుకు రెండు మానితే నెలకు 8,400. అంటే దాదాపు కిలో కొవ్వు. అయితే బదులుగా తీపి తెహ్ తారిక్ తాగితే ఆ లాభం పోయినట్టే.

రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానడం ప్రమాదం. ముందు వైద్యుని కలవండి.

వారమైనా మానలేకపోతున్నారా? దాచకండి. మీ కాపరితో చెప్పండి. త్రాసు చూపించని బరువు అదే.