పగ్గం సడలించే క్షణం

ప్రశ్న: మాలేగావ్ జాతరలో గుర్రం కొన్నాం. అంతకుముందు బారాత్‌లలో తిరిగిందట. ఆపుదామని పగ్గాలు లాగితే తల పైకెత్తి ఇంకా దూకుతోంది. ముళ్ల కళ్లెం వేస్తే దారికొస్తుందంటున్నారు. వేయమంటారా?
– ఒక పాఠకుడు, జహీరాబాద్

జవాబు: దయచేసి వేయకండి. స్వారీకైనా బండికైనా ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నాటి జంతుహింస నివారణ నిబంధనలు చెబుతున్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, దానివల్ల పని జరగదు. నోరు నొప్పి పెడితే గుర్రం ఆ నొప్పి నుంచి పారిపోవాలనే చూస్తుంది.

ముందు పశువైద్యుడికి నోరు చూపించండి. పెదవుల మూలలు ఒరుసుకుపోయి ఉండొచ్చు. పై దవడ పళ్ల అంచులు పదునెక్కి బుగ్గ లోపల గీసుకుపోతుండొచ్చు. నోరు బాగానే ఉందంటే పాత అలవాటును అనుమానించాలి. బారాత్‌లో పగ్గాలు బిగబట్టి, బ్యాండు మోతలో కాళ్లెత్తించి ఆడిస్తారు. అలా పెరిగిన గుర్రానికి పగ్గం బిగిస్తే ఆగాలని ఎలా తెలుస్తుంది?

కొత్తగా నేర్పాలి. బొంబాయి రోడ్డుకు దూరంగా, కోత అయిపోయిన చేనులో, నడకతోనే మొదలుపెట్టండి. జీనులో నిటారుగా కూర్చుని, ఊపిరి నెమ్మదిగా వదులుతూ నడుము కదలిక ఆపండి. ఆ తర్వాతే వేళ్లు బిగించండి, మోచెయ్యి వెనక్కి లాగొద్దు. అడుగు కాస్త నెమ్మదించినా, దవడ కాస్త వదులైనా ఆ క్షణమే వేళ్లు సడలించండి. గుర్రానికి పాఠం అందేది అక్కడే. అడిగింది చేశాక కూడా పట్టు అలాగే ఉంటే, చేసినా చేయకపోయినా ఒకటేనని దానికి అనిపిస్తుంది. కొద్ది సెకన్లు ఆలస్యమైనా ఎందుకు వదిలారో దానికి తెలియదు.

చెవులు గమనిస్తుండండి. ఒక చెవి మీ వైపు తిరిగిందంటే మీ మీద ధ్యాస ఉన్నట్టే. మార్వాడీ గుర్రమైతే చెవుల కొసలు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి చెవి మొదలు ఎటు తిరిగిందో చూడాలి. రెండూ వెనక్కి మెడకు అతుక్కుపోతే ఆ రోజుకు ఆపేయండి.

ప్రశ్న: మన దగ్గర గుర్రపు స్వారీ ఏమిటని స్నేహితులు అంటున్నారు. తెలుగులో చదవడానికి ఏమైనా ఉందా?
– ఒక విద్యార్థి, ఝరాసంగం

జవాబు: 15వ శతాబ్దంలో రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ ఓడలో గుర్రాన్ని తెచ్చి, చివరికి మన పక్కనున్న బీదర్‌లోనే అమ్మాడు. అప్పట్లో అది బహమనీల రాజధాని. ఈ నేలకు గుర్రం కొత్తేమీ కాదు. తెలుగులో అశ్వశాస్త్రం కావాలంటే మనుమంచి భట్టు రాసిన ‘హయలక్షణ విలాసము’ ఉంది. స్వారీ మాత్రం గురువు దగ్గరే నేర్చుకోవాలి.

ప్రశ్న: ట్రాట్‌లో ఎగిరెగిరి పడుతున్నాను. పడిపోతానేమోనని పగ్గాలు పట్టుకుని వేలాడుతున్నాను.
– ఒక పాఠకురాలు, జహీరాబాద్

జవాబు: మీరు వేలాడుతున్న బరువంతా దాని నోటి మీదే పడుతోందమ్మా. పట్టు కావాలంటే మెడ చుట్టూ ఒక పట్టీ కట్టి అది పట్టుకోండి, లేదా జూలు పట్టుకోండి. ట్రాట్‌లో ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిసి కదులుతాయి, ఆ తర్వాత మిగతా రెండూ. అంటే రెండే దెబ్బల తాళం. ‘ఒకటి, రెండు’ అని పైకే లెక్కపెడుతూ ఒకదానికి లేవండి, రెండోదానికి మెల్లగా కూర్చోండి. గుండ్రంగా తిరుగుతున్నప్పుడు బయటివైపు భుజం ముందుకు వెళ్లినప్పుడు లేవాలి. పాదం ముందుభాగమే రికాబులో ఉండాలి, మడమ కిందికి దిగాలి. గురువు పొడవాటి తాడుతో గుర్రాన్ని తిప్పుతుంటే, మీరు పగ్గాలు ముట్టుకోకుండా కొన్నాళ్లు సాధన చేయండి. హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు.