జారుడు నేల – పంచాయతీ కర్తవ్యము

వానలు మొదలైనతోడనే మన గ్రామములలో చేతిపంపుల చప్టాలమీదను, చెరువు మెట్లమీదను జారిపడువారు ఎక్కువగుదురు. “చూచుకొని నడువవలదా?” అని పడినవారినే మందలించి ఊరకుందుము. కాని తుంటి యెముక విరిగిన వృద్ధురాలు మరల తన పనులు తాను చేసికొనలేకపోవచ్చును. ఏటేట సుమారు 6,84,000 మంది పడిపోవుటవలన మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించినది. వారిలో నూటికి ఎనుబదిమందికి పైగా అల్పాదాయ, మధ్యాదాయ దేశములవారే. కావున కాలు ఏల జారునో పంచాయతీ సభ్యులమైన మనము తెలిసికొనుట అవసరము.

అడుగు కోరు పట్టు

మడమ నేలను తాకిన వెంటనే శరీరభారము ఆ కాలిపైకి మారును. అపుడు పాదము నేలను క్రిందికి నొక్కుటయే గాక ముందునకు కూడ నెట్టును. సమతలముపై మామూలుగా నడుచునపుడు ఈ నెట్టుడు నొక్కుడులో ఇంచుమించు అయిదవ వంతు, అనగా 0.2 ఉండును. దీనిని అడుగు కోరు పట్టు అందము. నేల ఇచ్చు పట్టు అంతకు తగ్గినచో కాలు జారును. మడమ 3 సెంటీమీటర్ల లోపల జారినచో చాలమందికి తెలియనే తెలియదు. 10 సెంటీమీటర్లు దాటినచో నిలదొక్కుకొనుట కష్టము. పాదము ముందునకు పోగా మొండెము వెనుకబడును. రెండవ కాలిని వెంటనే మోపి ఆపుకొనుటకు వృద్ధుల కండరములలో ఆ వేగము ఉండదు.

పెద్ద అంగలు వేసినను, పల్లమునకు దిగినను అడుగు కోరు పట్టు పెరుగును. 12 అడుగుల దూరమునకు ఒక అడుగు దిగు వాలు దానికి సుమారు 0.08 చేర్చును. నీరు, పాచి, సబ్బు, అరిగిన చెప్పులు నేల ఇచ్చు పట్టును తగ్గించును. జారునని ముందే తెలిసినవాడు పొట్టి అడుగులు వేయును. కనుక అతని అడుగు కోరు పట్టు తగ్గును. పొడినేల అకస్మాత్తుగా తడినేలగా మారుచోటనే అపాయము హెచ్చు.

ముందుగా కనుగొనుట

పడకముందే ఇట్టి చోటులను గుర్తింపవచ్చును. పాత చెప్పునకు రాయి కట్టి మొత్తము 5 కిలోలుండునట్లు చేయవలెను. దానిని తడి చప్టాపై నుంచి, స్ప్రింగు త్రాసు తగిలించి, నేలకు సమాంతరముగా మెల్లగా లాగవలెను. కదలునపుడు త్రాసు చూపిన బరువును 5 చేత భాగించినచో నేల ఇచ్చు పట్టు తెలియును. అమెరికాలో చాలకాలము 0.5ను క్షేమమునకు హద్దుగా వాడిరి. అనగా త్రాసు రెండున్నర కిలోలకు తక్కువ చూపినచో ఆ చోటును అనుమానింపవలెను. వేగముగా దిగు మడమక్రింద నీరు తప్పుకొనుటకు వ్యవధి ఉండదు. కావున మెల్లగా లాగినపుడు వచ్చిన అంకెకన్న నిజమైన పట్టు తక్కువగానే ఉండవచ్చును. కనుక హద్దును ఎక్కువగా ఉంచుట మేలు.

మనము చేయవలసినది

చప్టాపై నీరు నిలువకుండ కాలువవైపు వాలు కల్పింపవలెను. సిమెంటు పచ్చిగా ఉన్నపుడే చీపురుతో అడ్డముగా గీతలు గీయించినచో నేల గరుకుగా ఉండును. పాచిని గట్టి కుంచెతో గీకి కడిగింపవలెను. చెరువు మెట్లకు చేతిపట్టు కమ్మి, చీకటి మలుపులకు దీపము అమర్పవలెను. ఒక పుస్తకములో ఎవరు, ఎచ్చట, ఎపుడు జారిరో వ్రాయింతము. ఒకేచోట ఇద్దరు జారినచో మూడవవారు కూడ అచ్చటనే జారుదురని ఎంచి, వెంటనే బాగుచేయింపవలెను.

తొలకరికి ముందు జరుగు సమావేశమున ఈ విషయమును చర్చకు తెత్తము. జారుటకు కారణము పడినవారి అజాగ్రత్త ఒక్కటియే కాదు. మనము బాగుచేయక విడిచిన నేల కూడ.