మారిన కలకు కారణం అడుగు

కాజీపేట,
మే 3.

చిరంజీవి మైత్రికి,
మామయ్య ఆశీస్సులు.

పదో తరగతి మంచి మార్కులతో పాసయ్యావని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో సంగతి కూడా చెప్పింది. ఏ గ్రూపు తీసుకుంటావని అడిగిన ప్రతివాళ్లకూ "ఏమో" అంటున్నావట. నీ స్నేహితురాళ్లందరికీ ఏదో ఒక లక్ష్యం ఉందనీ, నీకొక్కదానికే లేదనీ రాత్రి ఏడ్చావట. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందుగా నీ మనసులోంచి ఒక భారం దించేయాలి. కలలు మారినంత మాత్రాన నువ్వు నిలకడ లేని పిల్లవైపోవు. ఐదేళ్లప్పుడు అనుకున్నదే పాతికేళ్లకు చేస్తున్నవాళ్లు ఏ ఊళ్లోనైనా చాలా తక్కువ. మా రైలింజన్ల షెడ్డులో పనిచేసేవాళ్లను అడిగి చూడు. ఒకాయన పోలీసు కావాలనుకున్నాడు, ఇంకొకాయన సినిమాల్లోకి వెళ్లాలనుకున్నాడు. నేనైతే మా ఊరి ఎర్రబస్సులో కండక్టరునవుదామనుకున్నాను. "రైట్ రైట్" అనగానే అంత పెద్ద బస్సు కదలడం నాకు గొప్ప అధికారంలా కనిపించేది. ఇప్పుడు రైలింజన్ల కరెంటు పని చూస్తున్నాను. పనిని ప్రేమించే చేస్తున్నాను.

అయితే కలలు మారడం సహజమని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. తెలిసి వదులుకున్న కల ఒకటి, తలుపు మూసుకుపోయి ఆగిన కల ఒకటి, పక్కవాళ్ల మాటకు జడిసి దాచేసిన కల ఇంకొకటి. పైకి మూడూ ఒకేలా కనిపిస్తాయి. నీ కలల్లో ఏది ఎందుకు మారిందో నువ్వే కూర్చుని చూసుకోవాలి. ఈ ఉత్తరం అందుకోసమే.

నీ కలలు నాకు వరసగా గుర్తున్నాయి. ఐదేళ్లప్పుడు రైలు డ్రైవరునవుతానన్నావు. మూడో తరగతికి వచ్చేసరికి ఆ మాట మానేసి టీచరన్నావు. ఆరో తరగతి నుంచి డాక్టరు. తొమ్మిదిలో అదీ ఆగిపోయింది. లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1981లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. అది చదివితే నీ గురించే రాసిందా అనిపిస్తుంది. ఆమె చెప్పింది ఇది: పిల్లలు పెరిగేకొద్దీ కలలు చేర్చుకోవడం కంటే తీసేసుకోవడమే ఎక్కువ. మూడు నుంచి ఐదేళ్ల మధ్య పెద్దదీ, బలమైనదీ ఆకర్షిస్తుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఇది మగవాళ్ల పని, ఇది ఆడవాళ్ల పని అనే గీత పడుతుంది. తొమ్మిది నుంచి పదమూడేళ్ల మధ్య ఏ పనికి సంఘంలో ఎంత గౌరవమో లెక్క మొదలవుతుంది. అప్పుడు తక్కువగా కనిపించిన పనులు జాబితాలోంచి జారిపోతాయి. పద్నాలుగేళ్లు దాటాక గానీ "ఇంతకీ నాకేది ఇష్టం, నాకేది చేతనవును" అనే ప్రశ్న గట్టిగా రాదు. అప్పటికే సగం పనుల్ని మనం చూడకుండానే కొట్టేసి ఉంటాం.

నీ వయసు పిల్లలకు చిక్కు ఇక్కడే. ఇష్టం తెలిసే వయసు వచ్చేసరికి జాబితా చిన్నదైపోతుంది. 41 దేశాల్లో పదిహేనేళ్ల పిల్లల్ని ముప్పయ్యేళ్లకు ఏం చేస్తుంటారని అడిగి, ఆ వివరాలతో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2020లో ఒక నివేదిక ఇచ్చింది. మగపిల్లల్లో 47 శాతం, ఆడపిల్లల్లో 53 శాతం మంది చెప్పినవి పదంటే పది ఉద్యోగాలే. లోకంలో ఉన్న పనులు వేలల్లో ఉంటే, పిల్లల కళ్లకు ఆనుతున్నవి పది.

రైలు సంగతే చూడు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ పిల్లకు కనిపించేది డ్రైవరు, గార్డు, టీటీ. కానీ ఆ బండి కదలాలంటే స్టేషన్ మాస్టరు సిగ్నల్ ఇవ్వాలి. ఏ బండిని ఎక్కడ ఆపి దేన్ని ముందు పంపాలో కంట్రోల్ ఆఫీసులో సెక్షన్ కంట్రోలరు చూడాలి. కీమ్యాన్ తనకు అప్పగించిన బీటు పొడవునా నడిచి పట్టాలు పరీక్షించి, వదులైన బిగింపుల్ని సుత్తితో సరిచేయాలి. సిగ్నల్ వాళ్లు, పైన కరెంటు తీగల పని చూసేవాళ్లు, షెడ్డులో మాలాంటివాళ్లు ఉండాలి. ఐదేళ్లప్పుడు నీకు వీళ్లెవరూ కనిపించలేదు. అందుకే డ్రైవరునవుతానన్నావు. ఇప్పుడు వీళ్ల గురించి తెలిశాక మనసు ఇంకోవైపు మళ్లితే దాన్ని ఓటమి అనుకోవద్దు. కళ్లు తెరుచుకున్నాయనుకో.

మరి నీ డ్రైవరు కల ఎందుకు పోయింది? నాకు తెలిసినంతలో ఒక పెళ్లిలో ఎవరో పెద్దమనిషి "ఆడపిల్లవి, రైలు నడుపుతావా" అని నవ్వాడు. ఆ రోజు నుంచి నువ్వు ఆ మాట ఎత్తలేదు. ఆ పెద్దమనిషికి సురేఖా యాదవ్ గురించి తెలియదు. మహారాష్ట్రలోని సతారా ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టి, ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, 1980ల చివర్లో రైల్వేలో అసిస్టెంట్ డ్రైవరుగా చేరింది. ఆసియాలోనే తొలి మహిళా రైలు డ్రైవరని ఆమెకు పేరు. 2023 మార్చిలో సోలాపూర్ నుంచి ముంబైకి వందే భారత్ నడిపింది. 2025లో పదవీ విరమణ చేసింది. ఇందులో నువ్వు గమనించాల్సింది ఇంకొకటుంది. ఆమె చిన్ననాటి కోరిక రైలు కాదు. లెక్కలు చదివి టీచరు కావాలనుకుంది. రైల్వే ఉద్యోగం వచ్చింది, ఆ పనిలో స్థిరపడింది, దేశానికే గుర్తుండిపోయింది.

కాబట్టి ఎవరో నవ్వినందుకు పోయిన కలను మళ్లీ పిలిచి ఒకసారి విచారించాలి. అయితే విచారించేటప్పుడు నిజాలు కూడా చూడాలి. లోకో పైలట్, అంటే రైలు డ్రైవరు, ఉద్యోగానికి అసిస్టెంటుగా చేరేటప్పుడు రైల్వే పెట్టే వైద్య పరీక్షను ఏ-1 అంటారు. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి, రంగులు తేడా లేకుండా కనపడాలి. నువ్వు ఏడో తరగతి నుంచి అద్దాలు పెట్టుకుంటున్నావు. అంటే ఆ తలుపు నీకు మూసుకుపోయినట్టే. ఈ మాట చెప్పడం నాకు ఇష్టంగా లేదు. కానీ ఇరవై రెండేళ్లకు తెలిసి గుండె పగిలే కంటే ఇప్పుడే తెలియడం మేలు.

మూసుకున్న తలుపు ముందు కూర్చుని ఏడవొద్దు. ఆ కలలో నిన్ను లాగింది ఏమిటో అడుగు. డ్రైవరు సీటా? అంత బరువైన బండి ఒక చేతి కింద ఆగడమా? ఎక్కడెక్కడి ఊళ్లనో కలుపుతూ పోవడమా? ఎర్ర సిగ్నల్ దాటి బండి పోబోతే తనంతట తానే బ్రేకు వేసే 'కవచ్' అనే వ్యవస్థ ఉంది. దాని పరీక్షలు చాలావరకు మన దక్షిణ మధ్య రైల్వేలోనే జరిగాయి. 2022 మార్చిలో సికింద్రాబాద్ డివిజన్లోని గుల్లగూడ, చిటిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి స్వయంగా ఇంజన్లో ఉండగా పరీక్షించి చూపించారు. అలాంటి వ్యవస్థను తయారుచేసే ఇంజనీరుకు కళ్లద్దాలు అడ్డు రావు. అంత బండిని ఆపడమే నీకు నచ్చి ఉంటే, ఆ పనీ అదే.

బండ్ల శిరీష పేరు నువ్వు వినే ఉంటావు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగింది. చిన్నప్పటి నుంచి వ్యోమగామి కావాలని కోరిక. చూపు సరిపోక పైలట్ అయ్యి నాసాకు వెళ్లే దారి మూసుకుపోయింది. ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివి, ఆ రంగంలోనే ఉద్యోగం చేస్తూ, 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుదాకా వెళ్లి వచ్చింది. అబ్దుల్ కలాం సంగతీ అంతే. వైమానిక దళంలో పైలట్ కావాలని డెహ్రాడూన్ వెళితే 25 మందిలో తొమ్మిదో స్థానం వచ్చింది. ఉన్న ఖాళీలు ఎనిమిది. ఒక్క మెట్టు దూరంలో కల ఆగిపోయింది. 1958లో రక్షణ శాఖలో సీనియర్ సైంటిఫిక్ అసిస్టెంటుగా చేరాడు, రాకెట్లు పంపాడు, రాష్ట్రపతి అయ్యాడు. 2006లో, 74 ఏళ్ల వయసులో, పుణెలో సుఖోయ్ యుద్ధవిమానంలో కో-పైలట్ సీట్లో కూర్చుని ఎగిరాడు.

మూసుకున్న ప్రతి కలా ఇలా తిరిగొస్తుందని నేను మాట ఇవ్వను. చాలామందికి రాదు. కానీ వీళ్లిద్దరూ తలుపు మూసుకున్నప్పుడు ఆకాశాన్ని వదల్లేదు. కావలసింది సీటు ఒక్కటే కాదని వాళ్లకు తెలుసు. నీ కలలో కూడా వదలకూడనిది ఏదో నువ్వు పట్టుకోవాలి.

ఇక డాక్టరు కల. అది తొమ్మిదిలో ఎందుకు ఆగిందో నువ్వు ఎవరికీ చెప్పలేదు. తాతయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు దగ్గరుండి చూశావు కదా. ఆ పని నీ వల్ల కాదని అప్పుడు అనిపించి ఉంటే, అది నువ్వు తెలుసుకుని వదిలిన కల. దాని గురించి చింత వద్దు. అలా కాక, నీట్ లెక్కలు విని భయపడి మానుకున్నావా? లెక్కలు భయపెట్టేవే. 2025లో 22 లక్షల మందికి పైగా పరీక్ష రాశారు. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. కానీ మనుషులకు నయం చేయడమే నీకు ఇష్టమైతే, దానికి ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు. నర్సింగ్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది, ఫార్మసీ ఉంది. జంతువులంటే ప్రేమైతే పశువైద్యం ఉంది. భయంతో మానినదాన్ని ఇష్టం లేక మానానని నీకు నువ్వు చెప్పుకోవద్దు. అలా చెప్పుకుంటే తర్వాత నిజమైన ఇష్టం ఏదో తెలియకుండా పోతుంది.

బావగారు ఎంపీసీ అంటున్నారని తెలిసింది. ఆయన మీద కోపం పెట్టుకోకు. నెలనెలా జీతం రాని ఇంట్లో పెరిగిన మనిషి. పిల్లకు కొలువు భరోసా కావాలనుకోవడం ఆయన ప్రేమే. కానీ "వద్దు" అన్న ఒక్క మాటతో ఆయన్ని ఎదిరిస్తే ఇంట్లో గొడవే మిగులుతుంది. వివరాలతో వెళితే వింటారు. ఆ వివరాలు నువ్వు సంపాదించాలి.

ఈ సెలవుల్లో మూడు పనులు చెయ్యి. ఒకటి, నోట్‌బుక్కులో నీ పాత కలలన్నీ వరసగా రాయి. ఒక్కోదాని పక్కన అందులో నీకు నచ్చిందేమిటో, అది ఎందుకు పోయిందో నిజాయితీగా రాయి. రెండు, నీకు ఆసక్తిగా ఉన్న పనులు చేస్తున్నవాళ్లను కలువు. జీతమెంత అని అడక్కు. నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏం చేశారని అడుగు. మీ పనిలో విసుగు పుట్టించేది ఏమిటని అడుగు. ఆ విసుగును నువ్వు భరించగలవనిపిస్తే ఆ పని నీదయ్యే అవకాశం ఉంది. లోకో పైలట్లను బయటి నుంచి చూసినవాళ్లకు వేగమే కనిపిస్తుంది. అర్ధరాత్రి డ్యూటీ పిలుపులు, ఊరుకాని ఊళ్లో రన్నింగ్ రూముల్లో నిద్ర, ఇంట్లో లేని పండగలు కనిపించవు. ఏ పనికైనా ఇలాంటి వెనకభాగం ఉంటుంది. మూడు, ఏ గ్రూపు ఏ తలుపు తెరుస్తుందో, ఏది మూస్తుందో కాగితం మీద పెట్టుకో. ఎంపీసీలో వైద్యం దూరమవుతుంది. బైపీసీలో బీటెక్ దాదాపు దూరమవుతుంది గానీ వ్యవసాయం, పశువైద్యం, ఫార్మసీ దగ్గరవుతాయి. పాలిటెక్నిక్ డిప్లొమా చేస్తే మూడేళ్లలో ఉద్యోగానికి వెళ్లొచ్చు, లేదా ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. లా, సీఏ, సివిల్స్ లాంటివాటికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. గ్రూపు ముఖ్యమే. కానీ నీ బతుకు మొత్తాన్ని జూన్‌లో చేరే గ్రూపొక్కటే నిర్ణయించదు.

స్నేహితురాళ్లకు లక్ష్యం ఉందని బాధపడకు. వాళ్లలో కొందరికి నిజంగానే ఉండొచ్చు. కొందరు ఇంట్లో విన్న మాటనే తిరిగి చెబుతుండొచ్చు. వాళ్ల కలలూ మారతాయి. అప్పుడు వాళ్లకు తోడుగా నిలబడగలిగేది, మార్పుకు కారణం వెతికి చూసుకున్న నువ్వే.

పదిహేనేళ్ల పిల్ల "ఏమో" అనడం తప్పు కాదు. దాని తర్వాత ఏ మాటా లేకపోవడమే తప్పు. రేపటి నుంచి ఎవరడిగినా "ఇంకా తెలియదు, తెలుసుకుంటున్నాను" అని తలెత్తి చెప్పు. నోట్‌బుక్కు రాయడం అయ్యాక అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడు. అవసరమైతే నన్నూ పిలువు, వస్తాను. షెడ్డులో అనుమతి అడిగి నీకు మా పని కూడా చూపిస్తాను. నచ్చితే సరే, నచ్చకపోతే ఆ సంగతీ రాసుకో. ఎవరో నవ్వారని మాత్రం ఇంకో కలను దాచుకోకు.

అక్కకు, బావగారికి నమస్కారాలు చెప్పు. జవాబు రాయి.

ఇట్లు,
మీ మామయ్య